చుట్టిన తీరు, విప్పిన తీరు

ఇంట్లో వైరింగు పనికి కొత్త వైరు చుట్ట తెస్తాం. అట్టపెట్టె తీయగానే వలయాలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కనిపిస్తాయి. నేల మీద పెట్టి, కొస పట్టుకొని నాలుగు బారలు లాగామో లేదో మెలికలు మొదలవుతాయి. ఇంకాస్త లాగితే ఉచ్చులు పడతాయి. వైరు నాసిరకమని కంపెనీని తిట్టుకుంటాం, లేదా పట్టుకున్న కుర్రాడిని కసురుకుంటాం. ఇద్దరి తప్పూ లేదు. మరి ఎవరూ మెలిపెట్టని తీగలోకి మెలి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంట్లో ఈ ప్రశ్న కాసేపు విసుగు పుట్టించి పోతుంది. మణుగూరు బొగ్గు గనుల్లో రాయి పేల్చే చోట మాత్రం అంత తేలిగ్గా వదిలిపెట్టదు. ముందు ఇంట్లో లెక్క తేల్చుకొని, తర్వాత గనికి వెళదాం.

మెలి ఎక్కడిది?

జడకు కట్టే రిబ్బను చుట్ట ఒకటి తీసుకోండి. తీగలో మెలి కంటికి ఆనదు గానీ రిబ్బను బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి దాచుకోలేదు. చుట్టను బల్ల మీద పడుకోబెట్టి, కదలకుండా వేలితో అదిమి, కొసను నిట్టనిలువుగా పైకి లాగండి. రిబ్బను సుడి తిరుగుతూ వస్తుంది. లెక్కపెడితే, చుట్టలోంచి ఊడివచ్చిన ఒక్కో వలయానికి ఒక్కో పూర్తి మెలి కనిపిస్తుంది. పది చుట్లు లాగితే పది మెలులు. ఎక్కువా రావు, తక్కువా రావు.

ఇప్పుడు అదే చుట్ట మధ్యలోంచి పెన్సిలు దూర్చి, రెండు వైపులా పట్టుకొని, కొసను లాగండి. చుట్ట గిర్రున తిరుగుతుంది, రిబ్బను మాత్రం సాఫుగా వస్తుంది. ఒక్క మెలి కూడా లేదు. రిబ్బను అదే, చుట్టా అదే. మారింది విప్పిన తీరు ఒక్కటే.

ఎందుకిలా జరుగుతుందో గుడికి వెళ్ళే అలవాటున్నవాళ్ళకు సులువుగా తెలుస్తుంది. ఉన్నచోటే నిలబడి ఒకసారి గుండ్రంగా తిరగడాన్ని ఆత్మప్రదక్షిణ అంటాం. గర్భగుడి చుట్టూ నడిచి రావడం మామూలు ప్రదక్షిణ. ఈ రెండూ వేరువేరనుకుంటాం కానీ, గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తయ్యేసరికి మనకు తెలియకుండానే ఒక ఆత్మప్రదక్షిణ కూడా పూర్తవుతుంది. తూర్పుముఖంగా బయలుదేరిన మనిషి దక్షిణం, పడమర, ఉత్తరం అన్నీ చూసి మళ్ళీ తూర్పుముఖానికి వస్తాడు. అతని నడుముకు ఒక తాడు కట్టి, రెండో కొసను మండపం పైకప్పు మధ్యలో కొక్కేనికి తగిలించామనుకోండి. ఒక్కో ప్రదక్షిణకూ తాడుకు ఒక్కో మెలి ఎక్కుతుంది.

కదలని చుట్టలోంచి తీగ ఊడివచ్చేటప్పుడు జరిగేది అదే. తీగ చుట్ట చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది, కొస మన చేతిలో బిగిసి ఉంది. ప్రతి ప్రదక్షిణ ఖాతాలోనూ ఒక మెలి పడుతుంది. పెన్సిలు మీద పెట్టినప్పుడు తిరిగింది గుడి. నడిచే మనిషి ఒకేచోట ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డాడు, అందుకని అతని తాడుకు మెలి పడలేదు.

వైరు చుట్టకు ఈ లెక్క వేసి చూద్దాం. మన దేశంలో ఇళ్ళకు వాడే వైరు సాధారణంగా 90 మీటర్ల చుట్టగా వస్తుంది. ఒక్కో వలయం చుట్టుకొలత 60 సెంటీమీటర్లు అనుకుంటే అందులో 150 చుట్లుంటాయి. చుట్టను నేల మీద పడేసి మొత్తం లాగామంటే 150 మెలులు మన చేతులారా ఎక్కించినట్టే. ఫ్యాక్టరీలో ఆ వైరును తిరిగే యంత్రం మీద మెలి లేకుండా చుట్టారు. మనం తిరగని చుట్టలోంచి లాగాం. చుట్టడానికొక పద్ధతి, విప్పడానికి మరో పద్ధతి: మెలి పుట్టేది ఆ తేడాలోనే.

కొన్నిచోట్ల లెక్కచేయనక్కర్లేదు

మణుగూరు నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, గోదావరికి ఇవతల సారపాకలో కాగితపు మిల్లు ఉంది. అలాంటి మిల్లుల్లో కాగితం టన్నుల బరువున్న పెద్ద పెద్ద రోళ్ళుగా తయారవుతుంది. ఆ రోలును ఎప్పుడూ ఇరుసు మీద తిప్పుతూనే విప్పుతారు. ఒక్క మెలి పడినా కాగితం చిరిగిపోతుంది కాబట్టి అక్కడ వేరే దారి లేదు.

మగ్గం మీద సంగతి పూర్తిగా వేరు. నాడెలో పెట్టే కండె తిరగదు. నూలు దాని కొస మీదుగానే ఊడివస్తుంది. కండె అడ్డం రెండు సెంటీమీటర్లనుకుంటే మీటరు నూలుకు పదహారు మెలులు పడతాయి. మరి నేతగాడు ఎందుకు పట్టించుకోడు? 40వ నంబరు నూలుకు వడికేటప్పుడే మీటరుకు దాదాపు వెయ్యి పురులు పెడతారు. వెయ్యికి పదహారు కలిసినా, తగ్గినా బట్టలో తేడా తెలియదు. పైగా నాడె వేగానికి తిరిగే కండె పనికిరాదు. నాడె ఆగినా కండె తిరుగుతూనే ఉండి నూలు చిక్కుపడుతుంది. కాబట్టి మెలి ఎక్కడైనా ప్రమాదమేనని కాదు, ఆ వస్తువు ఎంత మెలిని తట్టుకోగలదన్నదే చూడాలి. నూలు తట్టుకుంటుంది, కాగితం తట్టుకోదు. రాగి కేబుల్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది.

పోయినట్టే ఉంటుంది, పోదు

తీగను గట్టిగా లాగిపట్టినంతసేపూ మెలి కనిపించదు. కొంచెం వదులు చేయగానే టక్కున ఒక ఉచ్చు లేస్తుంది. మళ్ళీ లాగితే ఉచ్చు మాయమై తీగ నిటారుగా నిలుస్తుంది, మెలి తీగలోకి తిరిగి దూరుతుంది. అంటే ఒక మెలిని ఒక చుట్టుగా, ఒక చుట్టును ఒక మెలిగా మార్చుకోవచ్చు. కానీ రెండు కొసలూ బిగించి ఉన్నంతకాలం ఆ రెండిటి మొత్తం మారదు.

ఈ మాటను గణితశాస్త్రం కచ్చితంగా నిరూపించడానికి చాలాకాలం పట్టింది. రుమేనియా గణితవేత్త గియోర్గె కలుగరేయాను 1959–61 మధ్య దీనికి పునాది వేశాడు. 1969లో జేమ్స్ వైట్ దాన్ని విస్తరించాడు. 1971లో బ్రాక్ ఫుల్లర్ తీగ వంకరలను కొలిచే సంఖ్యకు రైథింగ్ నంబర్ అని పేరు పెట్టాడు. వాళ్ళ సిద్ధాంతం వైర్ల కంటే జీవశాస్త్రానికే ఎక్కువ అక్కరకొచ్చింది. మన కణం ఒక్కొక్కదానిలో దాదాపు రెండు మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది. కణం దాన్ని చదవాలన్నా, నకలు తీయాలన్నా రెండు పోగులను విడదీయాలి. విడదీసినకొద్దీ ముందున్న భాగంలో మెలి బిగుస్తుంది. పోగును కోసి, మెలి వదిలించి, మళ్ళీ అతికించే ఎంజైము ఉందని 1971లో జేమ్స్ వాంగ్ కనిపెట్టాడు. ఈ జాతి ఎంజైములనే టోపోఐసోమరేజ్‌లంటారు. కణం తన తీగను కోసి అతికించుకోగలదు. కేబుల్‌కు ఆ వెసులుబాటు లేదు.

కేబుల్‌లో మెలి ఏంచేస్తుందో చూడండి. వంగడానికి వీలుగా ఉండే కేబుళ్ళలో ఒకే లావుపాటి రాగి కడ్డీ ఉండదు. వెంట్రుకల్లాంటి సన్నని రాగి పోగులను కలిపి పేని ఒక కోరుగా చేస్తారు. మూడు నాలుగు కోర్లను మళ్ళీ కలిపి పేని, పైన రబ్బరు తొడుగు వేస్తారు. పేనిన దిక్కులోనే మెలి పడితే పోగులు మరింత బిగుసుకుంటాయి. ఎదురు దిక్కులో పడితే వదులై ఉబ్బుతాయి. రెండిట్లోనూ కొన్ని పోగుల మీద ఎక్కువ బరువు పడుతుంది. అక్కడే అవి మొదట తెగుతాయి. ఉక్కు తాడుకు ఇంకా కష్టం. ఉచ్చు పడ్డాక చూసుకోకుండా బిగించి లాగితే, తర్వాత సాపు చేసినా ఆ చోట తాడుకు పాత బలం రాదు. అందుకే బరువులెత్తే ఉక్కు తాడు డ్రమ్మును ఇరుసు మీదికి ఎక్కించి తిప్పుతూ విప్పాలంటారు. పక్కకు పడేసి లాగడం ఆ పనిలో పెద్ద తప్పు.

ఎదురు మెలి, ఎనిమిది అంకె

డ్రమ్మును తిప్పే వీలులేని చోట ఏంచేయాలి? దీనికి రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది ఎదురు మెలి ముందే ఎక్కించడం. విప్పేటప్పుడు వలయానికొక మెలి పడుతుందని తెలుసు కాబట్టి, చుట్టేటప్పుడే వలయానికొక ఎదురు మెలి పెడతారు. విప్పేసరికి రెండూ చెల్లుకు చెల్లు. సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగలు పరిచిన ఓడల్లో ఇలాగే చేసేవారు. 1870లో బొంబాయి–ఏడెన్ మధ్య తీగ పరిచిన గ్రేట్ ఈస్టర్న్ ఓడలో కేబుల్‌ను పెద్ద తొట్లలో వలయాలుగా పేర్చారు. అంత బరువైన తొట్టి తిరగదు. కేబుల్‌ను లోపల పరిచేటప్పుడు చుట్టుకొక మెలి ఎక్కుతుంది, పైకి లాగేటప్పుడు చుట్టుకొక మెలి దిగుతుంది. ఇందులో ఒక చిక్కుంది. చుట్టలో ఉన్నంతకాలం తీగ మెలితోనే ఉండాలి. దానికి తట్టుకునేలా కేబుల్‌ను కట్టాలి, ఏ దిక్కున చుట్టాలో కూడా ముందే తేల్చుకోవాలి.

రెండో ఉపాయంలో అసలు మెలే మిగలదు. ఒక బారెడు కేబుల్ తీసుకొని, వేళ్ళ మధ్య ఏమాత్రం తిరగనివ్వకుండా, వలయంగా చుట్టడానికి ప్రయత్నించండి. అది గుండ్రంగా కూర్చోదు. ఒక పక్క వలయం అటు, రెండో వలయం ఇటు పడి 8 అంకెలా మారుతుంది. ఎవరూ మెలిపెట్టకపోతే తీగ తనంతట తాను తీసుకునే రూపం అది.

మళ్ళీ గుడిలోకి వెళితే కారణం తెలుస్తుంది. రెండు స్తంభాల మధ్య ఒక మనిషి 8 ఆకారంలో నడుస్తున్నాడు. మొదటి స్తంభం చుట్టూ కుడివైపు తిరిగాడు, తాడుకు ఒక మెలి ఎక్కింది. రెండో స్తంభం చుట్టూ ఎడమవైపు తిరిగాడు, ఎక్కిన మెలి దిగిపోయింది. వందసార్లు నడిచినా తాడు మొదట ఉన్నట్టే ఉంటుంది. 8 అంకెలో చుట్టిన తీగను ఎక్కడిదాకా విప్పి ఆపినా అందులో మిగిలేది మహా అయితే ఒక్క మెలి. చుట్టను తిప్పక్కర్లేదు, ముందుగా ఏ మెలీ పెట్టక్కర్లేదు.

రోడ్ల పక్కన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేసేవాళ్ళకు ఇది రోజువారీ పని. గాజు పోగుకు మెలి అంటే గిట్టదు. కిలోమీటర్ల పొడవున్న కేబుల్‌ను ఒకే వైపు లాగితే గొట్టంలో రాపిడి ఎక్కువవుతుంది కాబట్టి మధ్య నుంచి రెండు వైపులా లాగుతారు. ఒక వైపు లాగడం అయ్యాక డ్రమ్ములో మిగిలిన కేబుల్‌ను నేల మీద పెద్ద పెద్ద 8 అంకెలుగా పరుస్తారు. లోపలి కొస అప్పటికి అన్నిటికన్నా పైన ఉంటుంది. అటు లాగాల్సినది అదే కాబట్టి నేరుగా అందుకొని రెండో వైపు లాగేస్తారు. కావలసిన కొస అడుగున పడితే మాత్రం నలుగురూ కలిసి ఆ కుప్పనంతా బోర్లా తిప్పుతారు.

మణుగూరు బెంచి మీద

గోదావరి ఒడ్డున, భద్రాచలం అడవుల అంచున ఉన్న మణుగూరులో సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్నాయి. అక్కడివాళ్ళు పీకే ఓసీ అని పొట్టిగా పిలిచేది ప్రకాశం ఖని. ఓపెన్‌కాస్టులో బొగ్గు పొరను చేరాలంటే పైనున్న మట్టినీ, ఇసుకరాతినీ తీసేయాలి. దాన్ని ఓవర్‌బర్డెన్ అనీ, పనిలో పొట్టిగా ఓబీ అనీ అంటారు. గనిని మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగుతారు. ఒక్కో మెట్టు ఒక బెంచి. గట్టి రాయి ఉన్న బెంచి మీద వరసలుగా హోళ్ళు వేసి, మందు నింపి పేలుస్తారు. తర్వాత షావెల్ ఎత్తుతుంది, డంపరు మోస్తుంది.

హోలులో ఉన్న మందును పేల్చడానికి పూర్వం కరెంటు డిటొనేటర్లూ, వాటి రాగి తీగలూ వాడేవారు. ఓపెన్‌కాస్టుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది నోనెల్ అని పిలిచే షాక్‌ట్యూబు. స్వీడన్‌లోని నైట్రో నోబెల్ సంస్థలో పెర్-ఆండర్స్ పెర్సన్ 1960 దశకం చివర్లో దీన్ని రూపొందించాడు. చూడ్డానికి మూడు మిల్లీమీటర్ల లావున్న ప్లాస్టిక్ గొట్టం, అంతే. దాని లోపలి గోడకు పేలుడు పొడి పల్చగా అంటుకొని ఉంటుంది. మీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు. ఒక కొసన చిన్న పేలుడు దెబ్బ తగిలితే లోపల పేలుడు అల సెకనుకు దాదాపు రెండు కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి, రెండో కొసన ఉన్న డిటొనేటరును పేలుస్తుంది. గొట్టం బయటికి మాత్రం చెక్కుచెదరదు. పిడుగు నేరుగా పడితే తప్ప, దాని వల్ల పుట్టే కరెంటుకూ, దారితప్పిన కరెంటుకూ బెదరదు కాబట్టి వానకాలం మేఘాలు కమ్మే ఇలాంటి చోట అది పెద్ద సుఖం.

ఈ ట్యూబును తయారీదారులు 8 అంకె ఆకారంలో చుట్టి, నడుము దగ్గర కట్టి పంపుతారు. ఎందుకో బెంచి మీద చూస్తే తెలుస్తుంది. పనివాడు హోలు పక్కన నిలబడి చుట్ట కట్టు విప్పుతాడు. డిటొనేటరును బూస్టర్‌లో, అంటే అసలు మందును పేల్చే చిన్న మందు దిమ్మలో దూర్చి, హోలులోకి దించుతాడు. ఎడమ అరచేతిలో చుట్ట, కుడిచేతి వేళ్ళ సందులోంచి జారుతున్న ట్యూబు. బూస్టర్ బరువుకు ట్యూబు దానంతటది దిగిపోతూ ఉంటుంది. చేతిలో తిరిగే ఇరుసూ లేదు, డ్రమ్మూ లేదు. వలయాలు కుడికొకటి, ఎడమకొకటిగా ఊడుతుంటాయి. అడుగు తగిలినట్టు చేతికి తెలియగానే పట్టి ఆపుతాడు.

ఇదే ట్యూబు మామూలు గుండ్రటి చుట్టగా వచ్చి ఉంటే? ఒక్కో వలయానికి ఒక్కో మెలి పడి, వదులుగా ఉన్నచోటల్లా ఉచ్చు లేస్తుంది. షాక్‌ట్యూబులో అల మామూలు మలుపులను, ముడులను కూడా దాటిపోగలదు. ఉచ్చు ఉన్నంత మాత్రాన హోలు పేలకుండా పోదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. ఉచ్చు హోలు గోడలోని రాతి పళ్ళకు తగులుకుంటే బూస్టర్ అడుగుకు చేరకుండా మధ్యలోనే వేలాడుతుంది. అప్పుడు అడుగు రాయి సరిగా పగలదు. తగులుకున్నదాన్ని బలవంతంగా లాగితే ట్యూబు సాగవచ్చు, రాతి అంచుకు కోసుకుపోవచ్చు. కోసుకుపోతే అల అక్కడే ఆగిపోతుంది. పేలని మందు రాళ్ళ కింద ఉండిపోతుంది, తర్వాత ఆ రాళ్ళలోకి దిగేది షావెల్ బకెట్టు. మిస్‌ఫైర్ అన్న మాటకు గనుల్లో అంత భయం ఉండేది ఇందుకే.

ఇంకొక సంగతి ఉంది. కరెంటు డిటొనేటర్లయితే పేల్చేముందు మీటరు పెట్టి సర్క్యూటు పూర్తిగా కలిసిందో లేదో చూడొచ్చు. షాక్‌ట్యూబుకు ఆ పరీక్ష లేదు. వరస వెంట నడుస్తూ ప్రతి హోలు ట్యూబూ పైనున్న కనెక్టరులో చేరిందా అని కళ్ళతో చూసుకోవడమే దారి. హోళ్ళన్నీ ఒకేసారి పేలవు. భూమి అదురు ఊళ్ళను గట్టిగా తాకకుండా 25 మిల్లీసెకన్ల లాంటి చిన్న చిన్న ఎడాలతో ఒకదాని వెనక ఒకటి పేలేలా కలుపుతారు. ట్యూబులు నిటారుగా, విడివిడిగా పడి ఉంటే ఏది ఎక్కడికి వెళ్తోందో ఇట్టే తెలుస్తుంది. ఉచ్చులూ చిక్కులూ పడి ఉంటే కలపకుండా వదిలేసిన హోలు ఆ చిక్కులోనే దాక్కుంటుంది. ఇక్కడ చుట్ట సాపుగా విప్పుకోవడం చూపుకు బాగుండడం కోసం కాదు, తనిఖీలో అది సగం పని.

కరెంటుతో నడిచే షావెళ్ళకూ ఇదే సమస్య మరో రూపంలో ఉంది. వాటికి వేల వోల్టుల కరెంటు మోసే ట్రైలింగ్ కేబుల్ నేల మీద వెంట పాకుతూ ఉంటుంది. అందులో కరెంటు కోర్లతో పాటు ఎర్త్ కోరు, పైలట్ కోరు ఉంటాయి. ఎర్త్ తెగితే పైలట్ ద్వారా తెలిసి సరఫరా ఆగిపోతుంది. పేల్చే ముందు షావెల్ వెనక్కి జరుగుతుంది, కేబుల్‌ను కూడా పక్కకు తీయాలి. మిగులు కేబుల్‌ను గుండ్రంగా చుట్టి పడేస్తే, షావెల్ ముందుకు వెళ్ళినప్పుడు కేబుల్ కదలని చుట్టలోంచి ఊడివస్తూ మెలితిరుగుతుంది. అందుకే దాన్ని నేల మీద పెద్ద 8 అంకెలుగా పరుస్తారు. ఒకదాని మీద ఒకటి కుప్పగా కాకుండా పరచడానికి ఇంకో కారణమూ ఉంది. కరెంటు పారే కేబుల్ వేడెక్కుతుంది, కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోదు.

మీ చేతిలో చుట్ట

మోచేతికీ అరచేతికీ మధ్య వైరు చుట్టడం మనకు అలవాటు. చేయి తిరగదు, వైరు దాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి చుట్టుకొక మెలి ఎక్కుతూనే ఉంటుంది. అలా చుట్టిన దాన్ని అలాగే వెనక్కి చేతి చుట్టూ తిప్పుతూ విప్పితే మెలి దిగిపోతుంది. కానీ అంత ఓపిక ఎవరికీ ఉండదు, ఆ చుట్టను తీసి నేలకు కొట్టి లాగుతాం.

సభల్లో మైకు సెట్టు కేబుళ్ళు చుట్టేవాళ్ళ పద్ధతి వేరు. చూడ్డానికి వాళ్ళ చుట్ట గుండ్రంగానే ఉంటుంది కానీ లోపల 8 అంకె మడిచిపెట్టి ఉంటుంది. మొదటి వలయం మామూలుగా వేస్తారు. రెండో వలయానికి కుడిచేతి బొటనవేలు కిందికి వచ్చేలా అరచేతిని తిప్పి పట్టుకొని, వైరు ఆ వలయం వెనక పక్కకు పోయేలా వేస్తారు. మూడోది మళ్ళీ మామూలుగా, నాలుగోది తిప్పి. వలయాలన్నీ ఒకే కొలతలో ఎడమచేతిలో చేరతాయి, కుడి మెలికి ఎడమ మెలి చెల్లిపోతుంది. అవసరమైనప్పుడు ఒక కొస పట్టుకొని మిగతాదాన్ని విసిరితే వైరు నేల మీద గీత గీసినట్టు పడుతుంది.

ఈ పద్ధతిలో ఒక ఉచ్చు పొంచి ఉంది. అది నిజంగా ఉచ్చే. చుట్టకున్న రెండు కొసలూ రెండు వైపులా ఉంటాయి. పొరపాటున ఒక కొస చుట్ట నడిమధ్యలోంచి అవతలికి దూరిపోతే, తిప్పి వేసిన ప్రతి వలయమూ విప్పేటప్పుడు ఒక ముడి అయి కూర్చుంటుంది. ఇరవై వలయాల చుట్టకు పది ముళ్ళు, సమాన దూరాల్లో, ఎవరో కూర్చొని కట్టినట్టు. అందుకే పని తెలిసినవాళ్ళు చుట్టడం అవగానే చివరి కొస దగ్గర ఒక నాడాతో చుట్టను కట్టేస్తారు. ఆ కట్టు ఉన్నంతసేపూ కొస మధ్యలోకి దూరదు. కట్టు లేని చుట్ట మీ చేతికి వస్తే వెంటనే లాగకండి. పైనుంచి రెండు మూడు వలయాలు చేత్తో తీసి, వైరు చుట్టలో ఏ వైపు నుంచి వస్తోందో చూడండి. అటువైపే లాగండి.